నల్లబట్టల్లో ఉన్నవాళ్ళు అక్కడ లేరు

మేడం ఫ్రెమాకి చలిదేశంలో ఒక మొగుడు ఉండేవాడట. జపాన్ వాడని కొందరు, కాదు, ఆవిడ చదువుకున్న ప్రాగ్ ఊరివాడేనని కొందరు. అతను అక్కడే చచ్చిపోయాడట. ఆ చావుకి ఆవిడ వెళ్ళలేదట, ఏడుపంతా కడుపులో మూటకట్టుకుని కూర్చుందట. చివరికి ఒకరోజు పిల్లల నాటకం మధ్యలో నల్లబట్టలు వేసుకుని స్టేజి మీదికొచ్చి, ఆట ఆపించి, ఊరందరి చేతా పరామర్శ చేయించుకుందట. మొన్న మాంపాంగ్‌లో ఆవిడని పాతిపెట్టిన రోజు కూడా, షామియానా కింద నా వెనక కుర్చీల్లో ఇద్దరు ఆడవాళ్ళు ఇదే చెప్పుకున్నారు.

"మరి ఆ మొగుడు ఒక్కసారైనా మన కుమాసి ఊరికి రాలేదా?"

"వచ్చి ఏం చేస్తాడే? మన ఫూఫూ ముద్ద మింగలేక మొదటిరోజే పోయేవాడు."

"ఛీ, చావింట్లో నవ్వించకు."

నేను వెనక్కి తిరగలేదు. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు.

మా అమ్మ చనిపోయిన ఏడాది నా బడి ఆగిపోయింది. అమ్మమ్మ నాటక పాఠశాల గేటు దగ్గర పులిసిన మొక్కజొన్న పిండితో చేసే కెంకే ముద్దలు, వేయించిన చేపలు అమ్మేది. నన్ను గంప దగ్గర కూర్చోబెట్టి చూసింది. ఎవరైనా ధర అడిగితే నేను తల దించుకునేదాన్ని. ఇలా అయితే ఈ చేపలన్నీ మనమే తినాలని విసుక్కుని, ఒకరోజు నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి, మేడం ఫ్రెమా గదికి తీసుకెళ్ళింది.

"ఇది నా మనవరాలు బిరాగో. నోట్లో నాలుక లేదు. కళ్ళు మాత్రం ఉన్నాయి," అంది.

"నా కుట్టుగదికి కళ్ళే కావాలి," అన్నారు మేడం. "నాలుకలు నా పిల్లల దగ్గర కావలసినన్ని ఉన్నాయి."

మేడం పొట్టిగా, వెడల్పుగా ఉండేవారు. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడేది. ఒకప్పుడు బంతామా పేటలో ఆవిడా మా అమ్మమ్మా ఒకే పెరటి చుట్టూ ఉన్న గదుల్లో కాపురం ఉండేవారని నాకు తెలుసు. అంతకు మించి తెలియదు. ఒకటి మాత్రం చూశాను. గేటు దగ్గర అందరినీ పేరుపెట్టి పిలిచి ఆటపట్టించే మా అమ్మమ్మ, మేడంతో మాట్లాడేటప్పుడు ఆవిడ ముఖంకేసి చూసేది కాదు. ఆవిడ భుజానికో, చేతిలోని కత్తెరకో చెబుతున్నట్టు మాట్లాడేది.

ఆవిడ స్టేజి అలంకరణ, వేషాల పాఠం చెప్పే గది, నేను గుండీలు కుట్టే గది పక్కపక్కనే. మధ్యలో తలుపు లేదు, కర్టెన్ ఒక్కటే. అలా నా చదువు మళ్ళీ మొదలైంది.

గోడ నిండా బొమ్మలుండేవి. ప్రాగ్‌లో ఒక స్టేజి, మెట్లూ వెలుతురూ తప్ప ఇంకేమీ లేనిది. వీపుకి జెండాలు కట్టుకున్న చైనా సేనాపతి. గొడుగులా విప్పారిన లంగా కట్టుకున్న భారతదేశపు నర్తకుడు. మేడం వాటిని కర్రతో చూపించి అనేవారు, "ఇవి చూసి కుట్టడానికి కాదు. వాళ్ళ దగ్గరున్న వాటితో వాళ్ళేం చేశారో చూడండి. తర్వాత వెళ్ళి మన దగ్గరేముందో వెతకండి."

భారతదేశపు లంగాని పిల్లలు బియ్యం సంచులతో కుట్టి, కర్రపెండలం గంజి పట్టించి ఎండబెట్టారు. అది వేసుకుని నిమో అనే కుర్రాడు బయటికెళ్ళబోతే గుమ్మంలో ఇరుక్కుపోయాడు.

"మేడం, ఈ రాజుగారు గుమ్మంలోనే రాజ్యం చేస్తారట."

"చెయ్యనీ. ఆ వచ్చేపోయేవాళ్ళ దగ్గర సుంకం కూడా వసూలు చెయ్యమను," అన్నారు మేడం, నోట్లో పిన్నులతోనే.

ప్రాగ్‌లో వెలుతురుతోనే గోడలు కట్టేవాళ్ళమని చెప్పేవారు. ఇక్కడ కరెంటు ఎప్పుడుంటుందో ఎవరికీ తెలియదు కదా. అందుకని తాటినార చాపల వెనక కిరోసిన్ దీపాలు పెట్టించి, నేలమీద పడే నీడలతో గోడలు కట్టడం నేర్పారు. దీపం ముందుకు జరిపితే ఇల్లు పెద్దదయ్యేది, వెనక్కి జరిపితే చిన్నదయ్యేది. బట్టల సంగతిలో మాత్రం ప్రాగ్‌నీ జపాన్‌నీ పక్కనపెట్టి మా మార్కెట్‌నే ముందు పెట్టేవారు. అక్కడ ప్రతి గుడ్డ అచ్చుకీ ఒక పేరు, దాని వెనక ఒక మాట ఉంటాయి. ఒకమ్మాయి పనిమనిషి పాత్రకి ఆకుపచ్చ పువ్వుల గుడ్డ తెచ్చింది.

"ఈ గుడ్డ పేరేంటి?"

"పేరు తెలీదు మేడం, రంగు బావుందని..."

"మీ అమ్మనడుగు. సవతిని వెక్కిరించే గుడ్డ ఇది. ఇది కట్టుకుని పనిమనిషి యజమానురాలి ముందు నిలబడిందంటే, అది నోరు తెరవకముందే హాల్లో ఆడవాళ్ళు జట్లు కట్టి పోట్లాడుకుంటారు."

నేను కర్టెన్ ఇవతల కూర్చుని అన్నీ వినేదాన్ని, చూసేదాన్ని. ఆవిడ తెల్లమట్టి ముట్టుకునేవారు కాదు. స్టేజి తడకలకి పూత వెయ్యడానికి అది రోజూ కావాలి. మిగతా రంగులన్నీ చేత్తోనే కలిపే మనిషి, తెల్లమట్టి దగ్గరికొచ్చేసరికి నన్నో నిమోనో పిలిచేవారు. మధ్యాహ్నం ఎవరైనా వేరుశనగ పులుసు తెస్తే గిన్నె నావైపు జరిపేవారు. "నాకు పడదు," అనేవారు. అంతే.

అన్ని పాఠాల్లోనూ ఆవిడకి ప్రాణమైన పాఠం నలుపు. ప్రాగ్‌లో ఒక శీతాకాలం జపాన్ నుంచి ఒక ముసలాయన వచ్చి నేర్పాడట. వాళ్ళ నాటకాల్లో స్టేజి మీద సామాన్లు జరిపేవాళ్ళు తల నుంచి కాలిదాకా నల్లబట్టలు వేసుకుంటారు, ముఖానికి నల్లటి పల్చటి ముసుగు. ఆట జరుగుతూండగానే వస్తారు, బల్ల జరుపుతారు, కత్తి అందిస్తారు, వెళ్ళిపోతారు. చూసేవాళ్ళు చూడరు.

"నల్లబట్టల్లో ఉన్నవాళ్ళు అక్కడ లేరు," అని చెప్పేవారు మేడం. "అది చూసేవాళ్ళకీ మనకీ ఒప్పందం. వాళ్ళు ఏడ్చినా, తుమ్మినా, తడబడినా ఎవరూ పట్టించుకోరు. ఎందుకంటే వాళ్ళు లేరు."

"ఉన్నాం కదా మేడం?" అంది ఒకమ్మాయి.

"ఉన్నారు. కానీ లేరు."

ఆ బట్టలు నేనే కుట్టాను. పిల్లలందరికీ సరిపోయాక మేడం ఇంకొక జత కత్తిరించి ఇచ్చారు. పొట్టిది, నడుము దగ్గర వెడల్పైనది. నిమో వేసుకుంటే మోకాళ్ళ దాకా వచ్చింది. ఇది ఎవరికని నేను అడగలేదు. ఆవిడ దాన్ని చివరి కొక్కేనికి తగిలించారు, అది అక్కడే ఉండిపోయింది.

ఆ ఏడాది నాటకం ఒక రాజుగారి కొలువు కథ. హాలు నిండింది. అమ్మమ్మ కూడా కెంకే గంప మూతపెట్టి వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. రాజు మాట్లాడుతుండగా నల్లబట్టలతో పిల్లలు వరసగా వచ్చి స్తంభాలు జరిపారు. మా దగ్గర నలుపు చావుకి కట్టే రంగు. హాలంతా గప్‌చిప్ అయిపోయింది.

"ఎవరు పోయారు?" అన్నాడొక ముసలాయన.

"చెప్పలేదింకా. ఇంతమంది వచ్చారంటే పెద్దవాడే పోయుంటాడు."

"రాణి అయ్యుంటుంది. ఇందాకట్నుంచీ కనబడ్డంలేదు."

మా అమ్మమ్మ గొంతు పెద్దది. "దుయే, బిడ్డలూ, దుయే," అంది. మా దగ్గర చావింట్లో పరామర్శకి అనే మాట అది. ఆ మాట ఒకసారి పడ్డాక ఇక ఆగదు. బెంచీల నుంచి జనం లేచారు. అలవాటు ప్రకారం కుడివైపు నుంచి మొదలుపెట్టి ఎడమకి, ఒక్కొక్కరి చెయ్యీ కలుపుతూ స్టేజి ఎక్కేశారు. నిమో పాఠం గుర్తుపెట్టుకుని, తను అక్కడ లేడు కాబట్టి, చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు. వాళ్ళ మేనత్త చెయ్యి చాచి అలాగే ఉంచింది.

"ఏరా, చావు దగ్గర చెయ్యివ్వవా? ఎవరి పెంపకంరా నీది?"

"అత్తా, నేను లేను," అన్నాడు నిమో ముసుగులోంచి.

"లేకపోతే మాట్లాడుతోందెవడు? నీ దయ్యమా?"

నిమో చెయ్యిచ్చాడు. రాజుగారు కూడా సింహాసనం దిగి వరసలో నిలబడ్డాడు. పక్కన తెర చాటున మేడం నిలబడి ఉన్నారు. పిల్లలు నవ్వాపుకోలేక చస్తున్నారు. ఆవిడ నవ్వడం లేదు. పరామర్శ చేస్తున్న ఆ చేతులనే చూస్తున్నారు, ఆకలిగా ఉన్నవాళ్ళు పక్కవాళ్ళ పళ్ళెంలోకి చూసినట్టు.

మర్నాడు ప్రిన్సిపాల్ డ్వోమో గారు కుట్టుగదికే వచ్చారు. ఆయన మర్యాదస్తుడు, గొంతు పెంచడు.

"మేడం, చావు మీద వేళాకోళమాడినట్టుందని పెద్దమనుషుల దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆ నలుపు తీసెయ్యండి."

"మీరు దీపాలు వద్దంటే తగ్గించాను. బొమ్మలు ఎక్కువయ్యాయంటే కొన్ని తీసేశాను. నలుపు ఉండనివ్వండి డ్వోమో గారూ."

"ఎందుకంత పట్టుదల? కనపడకుండా ఉండటానికి కదా అది? నిన్న హాలంతా వాళ్ళనే చూసింది."

మేడం చేతిలోని సుద్దముక్కని బల్లమీద నిలబెట్టారు, అది పడిపోయింది, మళ్ళీ నిలబెట్టారు.

"వచ్చే నాటకంలో ఒక్కరు 'దుయే' అన్నా," అన్నారాయన, "ఈ క్లాసు మూసేసి పిల్లల్ని చిత్రలేఖనం మాస్టారికి అప్పగించాల్సొస్తుంది. నా చేతిలో లేదు. నాటకం కూడా నేనే ఎంచాను. పేరు పెట్టే పండగ కథ. అంతా నవ్వులే, అంతా తెలుపే. చావు ఊసే లేదు."

మేడం సుద్దముక్కని పక్కన పెట్టారు. "పేరు పెట్టే పండగా?" అన్నారు.

"సంతోషమైన విషయం కదా."

"అవును," అన్నారు మేడం.

మధ్యాహ్నం పిల్లలొచ్చి ఆవిడ చుట్టూ మూగారు. ఆ క్లాసు పోతే వాళ్ళకి ఇంకెక్కడా దొరకదు. నిమో బతిమాలాడు.

"మేడం, మట్టిరంగు వేసుకుంటాం. తడకల రంగులో కలిసిపోతాం. మా అత్త ఇప్పటికీ అడుగుతోంది, పోయిందెవరో చెప్పమని."

"సరే," అన్నారు మేడం. "మీరు మట్టిరంగే వేసుకోండి."

నల్లబట్టలన్నీ మడిచి పెట్టెలో పెట్టాను. చివరి కొక్కేనికి ఉన్నదాన్ని తియ్యబోతే, "అది ఉండనీ," అన్నారు.

నాటకం కోసం అందరికీ తెల్లబట్టలు కుట్టాం. మేడం కొలతలు చెప్పారు, పిన్నులు నేను పెట్టాను. ఎనిమిదో రోజు పాపని బయటికి తెచ్చి, నాలుకకి నీళ్ళ చుక్కా సారా చుక్కా అంటించి పేరు పెడతారు కదా, ఆ పాప కోసం బొమ్మ కావాలి. పాతగుడ్డతో నేను కుట్టి చూపించాను. ఆవిడ దాన్ని అరచేతిలో పట్టుకున్నారు. బొటనవేలితో దాని తలని అటూ ఇటూ ఒత్తారు.

"తల ఇంత ఉండదు."

"ఎనిమిదో రోజు పాప కదా మేడం?"

"ఇంకొంచెం చిన్నదిగా చెయ్యి."

విప్పి మళ్ళీ కుట్టాను. అప్పుడు బావుందన్నారు. దాన్ని చాపలో చుట్టి తన బీరువాలోనే పెట్టుకున్నారు, నాటకం రోజుదాకా.

ఆ శనివారం మధ్యాహ్నం హాల్లో చోటు లేదు. మొదట్నుంచీ నవ్వులే. తండ్రి వేషం నిమోది. పాపకి పేరు పెట్టడానికి ముగ్గురు మేనమామలు మూడు పేర్లతో కొట్టుకుంటుంటే, తండ్రి సారా గ్లాసు తన నాలుకకే అంటించుకుంటూ ఉంటాడు. ప్రిన్సిపాల్ గారు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. రంగం మారే వేళకి వేషాలు వేసినవాళ్ళందరూ స్టేజి మీంచి వెళ్ళిపోయారు. మట్టిరంగు బట్టల పిల్లలు వచ్చి తడకలు జరిపారు, బల్లలు తీశారు. ఎవరూ వాళ్ళని పట్టించుకోలేదు. మేడం కోరుకున్నది ఆ రోజు మట్టిరంగులో జరిగింది.

స్టేజి మధ్యలో చాప, చాపమీద పాప మిగిలాయి. అది తియ్యవలసిన అమ్మాయి తెర పక్కన నిలబడే ఉంది, కదల్లేదు. ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపి, మేడం ఫ్రెమా ఆమెని దాటుకుని స్టేజి మీదికి వెళ్ళారు. చివరి కొక్కేనికి ఉండే ఆ నల్లబట్టలు వేసుకుని ఉన్నారు. ముఖానికి ముసుగు.

వస్తువు తనంతట తనే కదిలినట్టుండాలి అని ఆవిడే నేర్పేవారు. ఆ రోజు అలా తియ్యలేదు. మోకాళ్ళ మీద కూర్చున్నారు. చాప అంచులు రెండూ దగ్గరికి మడిచి, పాప మెడకింద చెయ్యి పెట్టి, గుండెకి ఆనించుకుని లేచారు. ఆ మెడకింద చెయ్యి ఎలా పెట్టాలో బొమ్మలెత్తేవాళ్ళకి తెలియదు.

హాల్లో నవ్వు ఆగిపోయింది. ముందు బెంచీలోంచి మా అమ్మమ్మ లేచింది. కిందటిసారిలా గొంతెత్తలేదు. మెట్లు పట్టుకుని, ఆయాసపడుతూ స్టేజి ఎక్కింది. ఈసారి మేడం ముఖంలోకే చూసింది.

"దుయే, ఫ్రెమా," అంది.

మేడం వెళ్ళిపోవచ్చు. ఆవిడ అక్కడ లేరు కదా. అలా వెళ్ళిపోయుంటే అది నాటకంలో భాగమనుకుని జనం ఊరుకునేవారేమో, క్లాసు కూడా నిలిచేదేమో. అది ఆవిడకీ తెలుసు. పక్కన తెర చాటున ప్రిన్సిపాల్ గారు తల అడ్డంగా ఊపడం ఆవిడకి కనబడుతూనే ఉంది.

ఎడమచేత్తో పాపని పట్టుకుని, కుడిచేత్తో ముసుగు తీశారు మేడం. అదే చెయ్యి మా అమ్మమ్మకిచ్చారు.

తర్వాత ఇంకొకరు లేచారు, ఆ వెనక ఇంకొకరు. ఎవరికోసమో వాళ్ళకి తెలియదు. మాకు అలాంటప్పుడు కాళ్ళే లేస్తాయి. ప్రిన్సిపాల్ గారు తెర దించమన్నారు. తాడు పట్టుకున్నమ్మాయి దించలేదు. నిమో తెల్లబట్టలతోనే వచ్చి, ఏమనుకున్నాడో ఏమో, తండ్రిలాగా మేడం పక్కన నిలబడి, వచ్చిన ప్రతి చెయ్యీ అందుకున్నాడు. వాళ్ళ అత్త అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఈసారి తిట్టలేదు.

ఇంటికి వెళ్ళేదారిలో అమ్మమ్మ ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని నడిచింది.   అసాఫో పేట దగ్గర తనే మొదలుపెట్టింది.

"పేరు పెట్టకముందు పోయిన బిడ్డకి ఏడవకూడదనేవాళ్ళు. ఆ బిడ్డ రానట్టే లెక్క. దారితప్పి తొంగిచూసి వెళ్ళిపోయింది, దానికోసం ఏడిస్తే మళ్ళీ మళ్ళీ వచ్చి ఏడిపిస్తుందని. ఆ ఆచారం ఎక్కడో మానేశారట. మా పెరట్లో మాననివ్వలేదు. పెద్దదాన్ని నేనే."

"ఏం చేశావు అమ్మమ్మా?"

"అందరికీ చేసిందే ఫ్రెమాకీ చేశాను. తెల్లగుడ్డ కట్టాను. చేతులకీ మెడకీ తెల్లమట్టి పూశాను. మొగుణ్ణీ పెళ్ళాన్నీ పక్కపక్కన కూచోబెట్టి, కొత్త దంపతులకి పెట్టినట్టు వేరుశనగ పులుసు పెట్టాను. అది మింగలేకపోతే గిన్నె పట్టుకుని, తిను, ఏమీ జరగలేదు, ఎవరూ రాలేదు, అన్నాను. తిన్నది. పాలు కారి ఆ తెల్లగుడ్డ తడిసింది. అప్పుడూ తింటూనే ఉంది."

గంప దించి చంకలో పెట్టుకుంది.

"ఎంత పొడుగు జుట్టో దానికి," అంది. ఎవరికో నేను అడగలేదు.

నెల తిరక్కుండా క్లాసు మూసేశారు. గోడ మీద బొమ్మలు పిల్లలు తలొకటి తీసుకున్నారు. మేడం మాంపాంగ్‌లో చెల్లెలింటికి వెళ్ళిపోయి, వరండాలో ఆడపిల్లలకి కుట్టు నేర్పుకుంటూ ఉండేవారు. సెలవు దొరికినప్పుడు వెళ్ళేదాన్ని. జపాన్ గురించి, ప్రాగ్ మెట్ల గురించి ఆ పిల్లలకి ఏమీ చెప్పేవారు కాదు. గుడ్డ పేర్లు మాత్రం అడిగేవారు. ఒకసారి చెల్లెలు మరిచిపోయి వేరుశనగ పులుసు చేసింది. మేడం రెండు ముద్దలు తిని, గిన్నె పక్కన పెట్టి, బయటికి వెళ్ళి చాలాసేపు నిలబడ్డారు.

షామియానా కింద మొన్న నా వెనక ఆ ఇద్దరూ ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు, ఆ మొగుడి ఫొటో ఒకటి పెట్టెలో దొరికిందని. వరస కదిలింది. నేను లేచి కుడివైపు నుంచి చేతులు కలుపుకుంటూ వెళ్ళాను.

మేడం ఫ్రెమా మొగుడు కుమాసి రైల్వే గుమాస్తా. ఆయన ముసలితనంలో పోతే ఆవిడ ఎరుపూ నలుపూ కట్టుకుని అందరిలాగే కూర్చుని ఏడ్చారు. ఆవిడకి బంతామాలో ఒక కూతురు పుట్టి, ఆరో రోజు చనిపోయింది.